అన్నంలోకి కూరా, కూరలోకి అన్నమా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్ళు. ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఎత్తు 155 సెంటీమీటర్లు. ఆరు నెలల కిందట బరువు 74 కిలోలు ఉండేది. మోకాళ్ళ నొప్పులు మొదలవడంతో ఫోన్‌లో కేలరీలు లెక్కకట్టే యాప్ పెట్టుకుని, అది చెప్పినట్టు రోజుకు 1,200 కేలరీలకు అటూ ఇటూగా తింటున్నాను. ఉదయం రెండు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం ఒక పెద్ద కప్పు అన్నం, పప్పుచారు, కొంచెం ఆవకాయ. రాత్రి రెండు పుల్కాలు, బంగాళదుంప వేపుడు. రోజుకు మూడుసార్లు రెండేసి చెంచాల చక్కెరతో టీ, సాయంత్రం టీతో నాలుగు బిస్కెట్లు. కొవ్వు ఉంటుందని గుడ్డు, పెరుగు, వేరుశనగ గుళ్ళు పూర్తిగా మానేశాను. మొదటి మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. జుట్టు బాగా రాలుతోంది. రెండో అంతస్తులోని తరగతికి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మధ్యాహ్నానికి బోర్డు దగ్గర నిలబడలేకపోతున్నాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. బలమైన తిండి మానేయడం వల్లే ఈ నీరసం అంటూ మా అత్తగారు నేతితో సున్నుండలు చేసి పెడుతున్నారు. తింటే మళ్ళీ లావవుతానేమోనని భయం. లెక్క ప్రకారమే తింటున్నా ఓపిక ఎందుకు ఉండటం లేదు? బలమైన తిండి తింటూ బరువు తగ్గడం అసలు సాధ్యమేనా?

— ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను 9.6 అన్న అంకె దగ్గరే ఆగిపోయింది. గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని, 8కీ 11కీ మధ్య ఉంటే అది మధ్యస్థాయి రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీది ఆ మధ్యస్థాయిలో ఉంది. మెట్లెక్కితే ఆయాసం రావడానికి, తరగతిలో కాళ్ళు నిలవకపోవడానికి, జుట్టు రాలడానికి చాలావరకు అదే కారణం కావచ్చు. కాబట్టి తిండి గురించి నేను రాసే మాటలన్నీ చదివే ముందు ఒక పని చేయండి. ఈ వారంలోనే వైద్యుణ్ణి కలిసి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చూపేది), విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షల సంగతి అడగండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే దాచుకోకుండా చెప్పండి. ఇంతగా తగ్గిన హిమోగ్లోబిన్‌ను తిండి ఒక్కటే తొందరగా పైకి తేలేదు, మాత్రలు అవసరమవుతాయి. తిండి చేయవలసిన పని వేరే ఉంది. మాత్రలు ఆపిన తర్వాత మళ్ళీ ఇదే స్థితికి రాకుండా అది కాపాడాలి.

ఇందులో మీరు ఒంటరి కారని కూడా చెప్పాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి, తెలంగాణలో దాదాపు 58 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో అధిక బరువున్న స్త్రీల సంఖ్య కూడా తక్కువేమీ లేదు. ఒంటి మీద బరువు ఎక్కువగా ఉంటూనే రక్తం తక్కువగా ఉండటం మన ఇళ్ళలో మామూలైపోయింది. చూసేవాళ్ళకు ‘పుష్టిగానే ఉందిగా’ అనిపిస్తుంది కాబట్టి ఆమె నీరసాన్ని ఎవరూ పట్టించుకోరు, చాలాసార్లు ఆమె కూడా పట్టించుకోదు. మీరు పరీక్ష చేయించుకున్నారు, అడిగారు. అందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మన భాషలో ‘బలం’ అన్న ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. నెయ్యి బలం, సున్నుండ బలం, జీడిపప్పు బలం అన్నప్పుడు అందులో ఎక్కువగా ఉండేది కేలరీల లెక్కలో కొలిచే శక్తి, అంటే ఒళ్ళు అనే పొయ్యిలో కాలే కట్టె. మునగాకు బలం, రాగులు బలం అన్నప్పుడు మనం చెప్పేది ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు, విటమిన్ల గురించి. ఇవి కట్టెలు కావు. పొయ్యిని సరిగ్గా మండించేవి, పగిలిన గోడను పూడ్చేవి, రక్తాన్ని తయారుచేసేవి. కొన్ని పదార్థాల్లో ఈ రెండు బలాలూ కలిసే ఉంటాయి, వేరుశనగ గుళ్ళు అలాంటివి. కొన్నింటిలో కట్టె మాత్రమే ఉంటుంది, చక్కెర అలాంటిది. కొన్నింటిలో కట్టె చాలా తక్కువగా ఉండి రెండో బలం నిండా ఉంటుంది, తోటకూర అలాంటిది. కేలరీకి ఎంత పోషకం దొరుకుతుందన్న ఈ లెక్కనే పోషక సాంద్రత అంటారు. మీ యాప్ మొదటి బలాన్ని మాత్రమే లెక్కకట్టింది. రెండోది ఎంత అందిందో మీరు దాన్ని అడగలేదు, అది చెప్పనూ లేదు.

మీరు రాసిన భోజనాన్ని కాగితం మీద పెట్టి నేను లెక్క వేశాను. ఇంటి వంట కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, కానీ దారి మాత్రం తప్పదు. మూడు టీలు కలిపి 250 కేలరీలు, అందులో 120 కేవలం చక్కెర నుంచి. నాలుగు బిస్కెట్లు ఒక 100. ఇడ్లీలూ చట్నీ కలిపి 200. అన్నం 200 గ్రాములైతే 260, పప్పుచారూ ఆవకాయా కలిపి 125. పుల్కాలు 160, వేపుడు 150. మొత్తం 1,250 దగ్గరకు వస్తుంది. అంటే మీరు చెప్పినది నిజమే, లెక్క ఎక్కడా పెద్దగా తప్పలేదు. అయితే ఇదే పళ్ళెంలో మాంసకృత్తులు దాదాపు 30 గ్రాములు మాత్రమే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు 46 గ్రాములు కావాలి. ఇనుము 29 మిల్లీగ్రాములు ఉండాలన్న చోట మీకు అందులో మూడోవంతు కూడా అందడం లేదు. కాల్షియం 1,000 మిల్లీగ్రాములకు సగం కూడా రావడం లేదు. ఆకుకూర ఒక్క ముద్దలోనూ లేదు. పండు లేదు. విటమిన్ బి12 సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం నుంచే. టీలో పడే ఆ కాసిని పాలు తప్ప మిగతావి మీ భోజనంలో లేవు.

జరిగింది ఇదీ. మీరు తిండిని తగ్గించారు కానీ తిండి అమరికను మార్చలేదు. అన్నం కొంచెం తగ్గింది, దానితో పాటు కూర ఇంకా ఎక్కువ తగ్గింది, గుడ్డూ పెరుగూ పూర్తిగా పోయాయి. మిగిలినవి అన్నం, పుల్కా, చక్కెర, బిస్కెట్, బంగాళదుంప. కేలరీల ఖాతా చిన్నదైనప్పుడు అందులోంచి పెట్టే ప్రతి ఖర్చూ ఆచితూచి పెట్టాలి. నెలకు లక్ష రూపాయలు వచ్చే ఇంట్లో నూరు రూపాయలు వృథా అయితే ఎవరికీ తెలియదు. పదిహేను వేలతో నెట్టుకొచ్చే ఇంట్లో అదే నూరు రూపాయలకు పాల ప్యాకెట్లు ఆగిపోతాయి. మీ 1,250 కేలరీలలో 220, అంటే దాదాపు ఆరోవంతు, చక్కెరకూ బిస్కెట్లకూ వెళ్ళిపోతోంది.

1,200 అన్న అంకె కూడా మీకు సరిపడినది కాదు. మీ వయసు, ఎత్తు, ఇప్పటి 70 కిలోల బరువు పెట్టి చూస్తే, మీరు రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడటానికి, ఒంట్లో వేడి నిలవడానికి దాదాపు 1,300 కేలరీలు కావాలి. బడిలో నిలబడి పాఠం చెప్పి, ఇంట్లో పని చేసుకునే మనిషికి 1,800 కేలరీలు దాటి ఖర్చవుతాయి. అందులోంచి 350 నుంచి 400 తగ్గించుకుంటే బరువు నెలకు కిలో, కిలోన్నర చొప్పున నెమ్మదిగా దిగుతుంది. అంతకంటే లోతుగా కోస్తే, అందులోనూ మాంసకృత్తులు లేకుండా కోస్తే, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, ఓపిక లేక మనిషి తెలియకుండానే కదలిక తగ్గించుకుంటుంది, ముల్లు ఆగిపోతుంది. మీకు ఇప్పుడు 1,450 నుంచి 1,500 కేలరీలు సరిపోతాయి. అవును, మీరు ఇప్పుడు తింటున్నదానికంటే ఎక్కువే తినమంటున్నాను.

ఏం తినాలన్నది తేల్చుకోవడానికి మీకు నేను ఒక చిన్న కొలత ఇస్తాను. రైతుబజారులో నూరు రూపాయల నోటు పట్టుకుని ఏది కొంటే ఎంత వస్తుందని చూసుకుంటాం కదా, అలాగే నూరు కేలరీలకు ఏమొస్తుందో చూడండి. నాలుగు బిస్కెట్లు కొంటే నూరు అయిపోతుంది. ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు తప్ప చేతికేమీ రాదు, గంటలో మళ్ళీ ఆకలి. అదే నూటికి 30 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికిస్తే చిన్న గిన్నెడు గుగ్గిళ్ళు వస్తాయి, ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు, దండిగా పీచు. అదే నూటికి 160 గ్రాముల పెరుగు వస్తుంది, ఐదు గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 200 మిల్లీగ్రాముల కాల్షియం. గుడ్డయితే ఒకటి తిని ఇంకా పాతిక కేలరీలు మిగులుతాయి. ఒక మోస్తరు జామకాయలు రెండు వస్తాయి, ఒక్కదానిలోనే రోజుకు కావలసినంత విటమిన్ సి ఉంటుంది. తోటకూర అయితే 300 గ్రాములు వస్తుంది, ఒక్కరే కూర్చుని తినలేరు.

మీ అత్తగారి సున్నుండ కూడా ఈ కొలతకు నిలబడాలి. మినుములు, బెల్లం, నెయ్యి కలిసిన మంచి పదార్థమే అది. ఎదిగే పిల్లకు, బాలింతకు, చిక్కిపోయి కోలుకుంటున్న మనిషికి నేనే పెట్టమంటాను, ఎందుకంటే వాళ్ళకు రెండు బలాలూ కావాలి. ఒక మోస్తరు ఉండకు 180 నుంచి 200 కేలరీలు ఉంటాయి కాబట్టి మీరు రోజూ రెండు తింటే లెక్క తప్పుతుంది. ఆవిడ చెప్పిన మాటలో సగం పూర్తిగా నిజం. మీ నీరసం బలమైన తిండి మానేసినందువల్లే. అయితే మీకు లోటుపడింది రెండో బలం. ఆవిడతో అలాగే చెప్పండి. మీకోసం ఏదైనా చేసి పెట్టాలన్న ప్రేమ ఆవిడకు ఉంది, ఆ చేతితోనే సాయంత్రం గుగ్గిళ్ళు పోపు పెట్టమని అడగండి. సున్నుండ పూర్తిగా మానేయక్కరలేదు, వారానికి ఒకటి సంతోషంగా తినండి.

ఇప్పుడు పళ్ళెం సంగతి. మనం ‘ఇవాళ అన్నంలోకి ఏం చేశారు?’ అని అడుగుతాం. ఆ ప్రశ్నలోనే భోజనం అంటే అన్నమని, మిగతావన్నీ దానిని లోపలికి దింపడానికి ఉన్నాయని తేలిపోతుంది. కూర కారంగా, ఉప్పగా, నూనెగా ఉండేది కూడా అందుకే. గుప్పెడు కూరతో గిన్నెడు అన్నం తినాలంటే ఆ ఘాటు లేకపోతే ముద్ద దిగదు. మీరు మార్చవలసింది ఈ వరస. కూరలోకి అన్నం తినడం అలవాటు చేసుకోవాలి. పళ్ళెంలో ముందు పప్పూ కూరా పెట్టుకుని, వాటికి సరిపడా అన్నం తర్వాత పెట్టుకోండి. కూరను కొంచెం చప్పగా, నూనె తక్కువగా వండితే గిన్నెడు కూర తినగలుగుతారు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదని, రోజుకు 2,000 కేలరీల పళ్ళెంలో కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు ఉండాలని అవి సూచిస్తున్నాయి. మీ పళ్ళెంలో ధాన్యం, చక్కెర కలిసి 60 శాతం దాటాయి.

నేను మీకు సూచించే రోజు ఇలా ఉంటుంది. ఉదయం టీ తాగండి, ఒక చెంచా చక్కెరతో. ఫలహారానికి 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బిన పిండితో రెండు పెసరట్లు, రెండింటికీ కలిపి ఒకటిన్నర చెంచా నూనె, అల్లం చట్నీ. ఇది 280 కేలరీలు, 14 గ్రాముల మాంసకృత్తులు. ఉప్మా లేని పెసరట్టే అనుకోండి, ఉప్మా పెసరట్టు ఆదివారానికి ఉంచుకుందాం. విరామ సమయంలో ఒక జామకాయ. మధ్యాహ్నం అన్నం ఇప్పుడు తింటున్నంతే, 200 గ్రాములు. పక్కన 30 గ్రాముల కందిపప్పులో 100 గ్రాముల ఆకుకూర వేసి వండిన పప్పు, 150 గ్రాముల బీరకాయో బెండకాయో దొండకాయో కూర, 100 గ్రాముల పెరుగు. ఇదంతా 590 కేలరీలు. సాయంత్రం నిమ్మకాయ పిండిన శనగల గుగ్గిళ్ళు, అవి తిన్న గంట తర్వాత రెండో టీ. రాత్రి రెండు పుల్కాలు, ఉల్లి టమాటాలతో ఒక గుడ్డు కూర, కీరదోస, క్యారెట్ ముక్కలు, పల్చటి మజ్జిగ. మొత్తం 1,500 దగ్గర ఆగుతుంది. మాంసకృత్తులు 30 నుంచి 60 గ్రాములకు చేరతాయి. చూశారా, అన్నం ఒక్క మెతుకు కూడా తగ్గించలేదు, పుల్కాలూ రెండే. మారిందంతా వాటి చుట్టూ ఉన్నదే. ఇడ్లీ తినాలనిపించిన రోజు రెండు ఇడ్లీలకు చట్నీ బదులు గిన్నెడు ముక్కల సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు చేర్చండి. శాకాహారం రోజైతే గుడ్డు స్థానంలో మీల్‌మేకరో, పెసల కూరో ఉండవచ్చు.

ఆకుకూర పప్పు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్ళలో ఇక్కడే లెక్క తప్పుతుంది. చాలామంది వండే పప్పులో ఆకు కోసం వెతుక్కోవాలి. ఒకసారి మా వంటింట్లో 100 గ్రాముల తోటకూర తూచి చూశాను. ఒలిచిన ఆకు పెద్ద పళ్ళెం నిండా గుట్టగా కనిపించింది, ఇంత ఎవరు తింటారని అనిపించింది. మూత పెట్టి ఐదు నిమిషాలు మగ్గనిచ్చేసరికి చిన్న కప్పులో సగానికి దిగింది. ఒక మనిషికి కావలసింది ఆ గుట్ట, గిన్నెలో కనిపించే ఆ సగం కప్పు. నలుగురికి వండితే నాలుగు గుట్టలు. అందుకే కట్టలు కొనేటప్పుడు మీ చేతికి అలవాటైన లెక్కకు రెండింతలు తెచ్చుకోండి. ఎప్పుడూ పాలకూరే కాకుండా తోటకూర, గోంగూర, మెంతికూర, చుక్కకూర, మునగాకు మార్చి మార్చి వాడండి. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి అందకుండా పట్టి ఉంచుతాయి. మునగాకులో ఆ ఇబ్బంది తక్కువ. పెరట్లోనో వీధి చివరో మునగచెట్టు లేని ఊరు మన వైపు అరుదు, చాలాచోట్ల ఆకుకు డబ్బు పెట్టక్కరలేదు కూడా. ఆకుల్లో దండిగా ఉండే ఫోలిక్ ఆమ్లం కొత్త రక్తకణాల తయారీకి తప్పనిసరి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం అమెరికాలో 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. ఈరోజు రక్తహీనతకు ఇచ్చే మాత్రలో ఇనుముకు తోడుగా ఉండేది అదే. మీరు మాత్ర వేసుకున్నప్పుడు పొరుగూరి మనిషి ఒకాయన గుర్తొస్తే బాగుంటుందని చెబుతున్నాను.

ఇనుము విషయంలో ఎంత తిన్నామన్నదానితో పాటు ఎంత ఒంటబట్టిందన్నది కూడా చూసుకోవాలి. పప్పుల్లో, ఆకుల్లో ఉండే ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా రక్తంలోకి చేరదు. విటమిన్ సి తోడైతే చేరడం మెరుగవుతుంది, టీ తోడైతే దెబ్బతింటుంది. మీ ఉత్తరంలో ఇడ్లీ తిన్న వెంటనే టీ తాగుతారో లేదో రాయలేదు, కానీ బడికి పరుగెత్తే ఇళ్ళలో అదే జరుగుతుందని నాకు తెలుసు. భోజనానికి ముందూ వెనకా గంట చొప్పున టీ కాఫీలను దూరం పెట్టండి. పప్పులో దించాక నిమ్మరసం పిండండి, చింతపండు పులుపుకన్నా నిమ్మలో విటమిన్ సి చాలా ఎక్కువ. పెసలు, శనగలు నానబెట్టి, వీలైతే మొలకెత్తించి వండితే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. వైద్యులు ఇచ్చే ఇనుము మాత్రను కూడా టీతోనూ పాలతోనూ వేసుకోవద్దు, కాల్షియం మాత్ర ఉంటే రెండింటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచండి.

రక్తం తక్కువ అనగానే అందరూ చెప్పేది బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ రసం. బాధగా ఉన్నా చెప్పక తప్పదు, మీ కేలరీల ఖాతాకు ఇవి లాభసాటి బేరం కాదు. నూరు కేలరీల బెల్లం తింటే వచ్చే ఇనుము ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. బీట్‌రూట్ మంచి కూరగాయే కానీ దాని ఎరుపు ఇనుముది కాదు, ఆ రంగు వేరే పదార్థానిది. మాంసాహారం తినేవారైతే వారానికి ఒకసారి కొద్దిగా మేక కార్జం వండుకోండి, తక్కువ కేలరీలకు ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం మూడూ అంత దండిగా ఇచ్చే పదార్థం మన మార్కెట్లో ఇంకొకటి కనిపించదు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే మాత్రం విటమిన్ ఎ మోతాదు మించుతుంది కాబట్టి వైద్యుణ్ణి అడగకుండా తినవద్దు. మీ ఊళ్ళో దొరికే నెత్తళ్ళ వంటి చిన్న చేపలు ముల్లుతో సహా తింటే కాల్షియం కూడా వస్తుంది.

కొవ్వు మీద మీకు ఉన్న భయం గుడ్డు మీదికీ పెరుగు మీదికీ వెళ్ళిపోయింది, వెళ్ళవలసిన చోటికి వెళ్ళలేదు. ఒక చెంచా నూనె 40 కేలరీలు. బంగాళదుంప వేపుడులో, ఆవకాయ ఊటలో, చట్నీ పోపులో పడే నూనెను ఎవరూ చెంచాతో కొలవరు, సీసా వంచి చేతి వాటంగా పోస్తారు. మీకు రోజు మొత్తానికి నాలుగున్నర చెంచాలు చాలు. వంట చేసేది ఎవరైనా ఒక వారం పాటు గరిటె పక్కన పెట్టి చిన్న చెంచాతోనే పోయమనండి, తర్వాత చెయ్యే నేర్చుకుంటుంది. ఇల్లంతటికీ లెక్క కావాలంటే, 2024 మార్గదర్శకాల్లోని 2,000 కేలరీల పళ్ళెంలో మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె ఉంది. నలుగురు పెద్దలున్న ఇంటికి నెయ్యితో కలిపి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఒకసారి చూడండి. గుడ్డు మాత్రం తిరిగి మొదలుపెట్టండి, పచ్చసొనతో సహా. బి12, ఇంకా అనేక పోషకాలు ఆ పచ్చసొనలోనే ఉన్నాయి.

అన్నాన్ని నేను శత్రువుగా చూడటం లేదని మీకు అర్థమయ్యే ఉంటుంది. అయితే అన్నం ఒక్కదాని మీద ఆధారపడితే ఏమవుతుందో మన కోస్తా జిల్లాలు ఒకప్పుడు చాలా కష్టపడి తెలుసుకున్నాయి. ఉత్తర సర్కారులు అని పిలిచిన ఈ ప్రాంతంలో, ఉప్పుడు బియ్యం కాకుండా పచ్చి వడ్లను మరలో తెల్లగా ఆడించిన బియ్యమే ప్రధానంగా తిన్న చోట, బెరిబెరి ఉండేది. తవుడుతో పాటు విటమిన్ బి1 పోవడం దాని మూలం. ఆ జబ్బు మీద పరిశోధన కోసం 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక గదిలో మొదలుపెట్టిన చిన్న కేంద్రమే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఈరోజు జాతీయ పోషకాహార సంస్థ అయింది. కడుపు నిండా తిన్నవాళ్ళే ఆ జబ్బు పడ్డారు. మీరు బియ్యం మార్చక్కరలేదు కానీ రెండుసార్లకు మించి కడగవద్దు, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి, పప్పు తొందరగా ఉడకాలని వంటసోడా వేయవద్దు. ఆకుకూరలు కడిగిన తర్వాత తరగండి.

కాల్షియం కోసం ఒక మాట. ఇంట్లో నువ్వుల పొడి కొట్టి ఉంచుకుని, ఒక పెద్ద చెంచాడు, అంటే 10 గ్రాములు, రోజూ కూర మీద చల్లుకోండి. పొట్టు తీయని నువ్వులైతే 55 కేలరీలకు 100 మిల్లీగ్రాములు దాటి కాల్షియం వస్తుంది. వేరుశనగ గుళ్ళు కూడా గుప్పెడు, 20 గ్రాములు, గుగ్గిళ్ళకు బదులుగా తినవచ్చు. బదులుగానే సుమా, దానికి తోడుగా కాదు.

మొదటి రోజు నుంచే ఇదంతా మార్చాలని పెట్టుకోవద్దు, బడీ ఇల్లూ చూసుకునే మనిషికి అది సాధ్యపడదు. మొదటి వారం సాయంత్రం బిస్కెట్ల డబ్బా స్థానంలో గుగ్గిళ్ళు పెట్టండి, మూడో టీ మానేసి మిగతా రెండింటిలో చక్కెర సగం చేయండి. అక్కడే దాదాపు 120 కేలరీలు ఆదా అవుతాయి. రెండో వారం ఆ మిగిలినదాన్ని గుడ్డు, పెరుగు, ఆకుకూర పప్పు మీద ఖర్చు పెట్టండి. మూడో వారం పెసరట్టు. పిండి శనివారం రాత్రి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజులు వస్తుంది. మొదటి నెలలో బరువు అర కిలో పెరిగినట్టు కనిపించినా భయపడవద్దు, రోజూ తూచుకోవద్దు, పదిహేను రోజులకు ఒకసారి అదే సమయానికి తూచుకోండి. తూకంతో పాటు నడుము కొలత కూడా రాసుకోండి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మంచిది. మీకు మధుమేహం మాత్రలు కానీ, మూత్రపిండాల సమస్య కానీ ఉంటే ఈ పళ్ళెం మార్చే ముందు వైద్యునికి చూపించండి.

ఇనుము మాత్రలు వేసుకుంటే హిమోగ్లోబిన్ సాధారణంగా నాలుగు వారాల్లోనే పైకి కదులుతుంది. మెట్ల దగ్గర ఆయాసం తగ్గడం బరువు తగ్గడం కంటే ముందే మీకు తెలుస్తుంది. హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు ఆపేయాలనిపిస్తుంది, ఆపవద్దు, ఒంట్లో ఇనుము నిల్వలు నిండటానికి ఇంకొన్ని నెలలు కొనసాగించమని వైద్యులు చెబుతారు. మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకుని ఆ అంకె, అప్పటి మీ ఒక రోజు భోజనం రెండూ రాసి పంపండి, మళ్ళీ కూర్చుని లెక్క వేద్దాం.